యాంటీ రేడియేషన్ లాకెట్ రివ్యూ: రెండు కొన్నాం, రెండూ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి

ముందే చెప్పేస్తా, ఒక స్టార్ ఇచ్చింది సున్నా ఇచ్చే ఆప్షన్ లేక. కంపెనీ పేరు రాయట్లేదు, ఇదే నల్ల రాయిని పది పేర్లతో అమ్ముతున్నారు, ఒక పేరు చెప్తే దాన్ని వదిలేసి పక్కదాన్ని కొంటారు. ఒక్కోటి 4,500, రెండు తీసుకుంటే 8,000. మేం రెండు తీసుకున్నాం. మేం అంటే మా అత్తయ్య.

2025 మే 7 సాయంత్రం నాలుగింటికి, పాకిస్తాన్‌తో యుద్ధ భయం ఉన్న రోజుల్లో, మాక్ డ్రిల్ సైరన్ మోగింది గుర్తుందా, మాది కుషాయిగూడ, హైదరాబాద్‌లో డ్రిల్ పెట్టిన చోట్లలో మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీ) కూడా ఒకటి, అంటే మాకు కూతవేటు దూరం. అత్తయ్య అప్పుడు మేడ మీద ఎండిన వడియాలు తీస్తున్నారు, సైరన్ వినగానే చాప అక్కడే వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా కిందకొచ్చేశారు, డ్రిల్ అని టీవీలో పొద్దున్నుంచీ చెప్తున్నా సరే. కాకులకి మాత్రం ఆ రోజు పండగ. ఆ రాత్రి మా ఫ్యామిలీ గ్రూప్ చూడాలి, ఒకరు టించర్ అయోడిన్ రెండు చుక్కలు నీళ్ళలో వేసుకుని తాగమంటారు, ఒకరు ఉప్పు ఎక్కువ తినమంటారు, ఇంకొకరు తులసి మొక్క పక్కన పడుకోమంటారు.

సరిగ్గా ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ లాకెట్ డెమో పెట్టారు. అప్పటికి కాల్పులు ఆగిపోయాయి కానీ జనం గుండెల్లో దడ ఇంకా ఆగలేదు, అమ్మేవాళ్ళకి ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు. మే నెల ఎండలో బ్లేజర్ వేసుకుని ఒకాయన వచ్చాడు. ముందు మా వాచ్‌మన్‌ని పిలిచి చెయ్యి చాపమని మణికట్టు దగ్గర నొక్కాడు, చెయ్యి కిందకి పడిపోయింది. తర్వాత మెడలో లాకెట్ వేసి మళ్ళీ నొక్కాడు, ఈసారి చెయ్యి కదల్లేదు, అందరూ చప్పట్లు. నేను పక్కనే నించున్నా కాబట్టి చూశా, రెండోసారి నొక్కింది మోచేతి దగ్గర. భుజానికి దగ్గరగా నొక్కితే మా మూడో క్లాస్ వాడి చెయ్యి కూడా దిగదు. ఆ తర్వాత ఆయన కొట్టిన డైలాగ్ ఏంటంటే ఈ రాయిలోంచి నెగటివ్ అయాన్స్ వస్తాయంట, సెల్‌ఫోన్ రేడియేషన్, టవర్ రేడియేషన్, ఆఖరికి ఆటమ్ బాంబు రేడియేషన్ కూడా న్యూట్రల్ అయిపోతుందంట, శరీరం చుట్టూ మూడు అడుగుల షీల్డ్ అంట, కడుపుతో ఉన్నవాళ్ళకి మరీ మంచిదంట. ఈ ఆఖరి ముక్కే మా కొంప ముంచింది, ఎందుకో తర్వాత చెప్తా.

ప్యాకింగ్ గురించి చెప్పాలంటే బాగుంది, ఆ ఒక్క స్టార్ అట్ట పెట్టెకే అనుకోండి. వెల్వెట్ గుడ్డ, దాని మీద రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్ద నల్ల రాయి, స్టీల్ రిమ్ము, రబ్బరు తాడు. రాయి కొంచెం గరుగ్గా ఉంటుంది, చెమట పడితే మెడ మీద మసి మరక. హోలోగ్రామ్ స్టిక్కర్ ఉన్న సర్టిఫికెట్ ఒకటి ఇచ్చారు, అందులో ఎవరు సర్టిఫై చేశారో మాత్రం లేదు.

మా పై ఫ్లోర్ అంకుల్ ఎన్‌ఎఫ్‌సీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యారు. అత్తయ్య మెడలో లాకెట్ చూసి లిఫ్ట్‌లోనే నవ్వాపుకోలేకపోయారు. "అక్కా, నేను ముప్పై ఏండ్లు ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకున్న. అది గుడ నన్ను కాపాడలే. ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క రాసిపెట్టింది, గంతే. మూణ్ణెల్లకోసారి తీస్కపోయి చదివెటోళ్ళు. లెక్క రాసేటిది దొరుకుతది గని మెడల ఏస్కుంటె ఆపేటిది దునియల లేదు" అన్నారు. అత్తయ్యకి కోపం వచ్చింది. మీకు గవర్నమెంట్ ఇచ్చింది పాత మోడల్ అయ్యుంటుంది అనేశారు.

సరే తేల్చేద్దాం అని వాళ్ళబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన గీగర్ కౌంటర్, అంటే రేడియేషన్ కొలిచే మీటర్, పట్టుకుని అంకుల్ మా ఇంటికొచ్చారు, చిన్నది, టీవీ రిమోట్ సైజు. ముందు ఏమీ లేకుండా మా కిచెన్ గట్టు మీద పెట్టారు, టిక్... టిక్ టిక్... అని మొదలైంది, గంటకి 0.24 మైక్రో సీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) చూపించింది. నేను కంగారుపడితే అంకుల్ చెప్పింది ఏంటంటే ఇది గ్రానైట్, గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం ఎంతోకొంత ఉంటాయి, మన హైదరాబాద్ మొత్తం గ్రానైట్ బండ మీదే కూర్చుంది కాబట్టి ఇక్కడ నేల నుంచి వచ్చేది కొంచెం ఎక్కువే, గోల్కొండ కట్టినప్పట్నుంచీ ఇంతే, భయపడేది కాదు అని. ప్రపంచం మొత్తం మీద మనిషికి ప్రకృతి నుంచి తగిలేది సగటున ఏడాదికి రెండు మూడు మిల్లీ సీవర్ట్ అంట.

తర్వాత లాకెట్ తీసుకుని మీటర్‌కి ఆనించారు.

టిక్ టిక్ కాదు, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమని ఒకటే మోత. 0.24 కాస్తా ఎక్కుతూ ఎక్కుతూ పోయి 1.3 దగ్గర ఆగింది. మధ్యలో స్టీల్ ప్లేటు పెడితే మోత బాగా తగ్గింది, ప్లేటు తీస్తే మళ్ళీ మొదలు. అత్తయ్య ముఖం చూడాలి మీరు. రేడియేషన్ నుంచి కాపాడుతుందని కొన్నది, ఇంట్లో ఉన్న వస్తువులన్నిట్లో ఎక్కువ రేడియేషన్ ఇచ్చేది అదే. నెగటివ్ అయాన్స్ అని చెప్పింది అబద్ధం కూడా కాదు, థోరియం ఉన్న ఖనిజం పొడి కలిపితే దాన్నుంచి వచ్చే కిరణాలు గాలిలో అయాన్స్ పుట్టిస్తాయి, అంటే వాళ్ళు గొప్పగా చెప్పుకున్న గుణమే రేడియోయాక్టివిటీ! మోనజైట్ అని మన భీమిలి బీచ్ ఇసుకలో కూడా ఉంటుంది చూడండి, అలాంటిదే ఏదో కలిపి ఉంటారని అంకుల్ అన్నారు. నెదర్లాండ్స్‌లో 2021 డిసెంబర్‌లో అక్కడి అణు భద్రత సంస్థ ఇలాంటివే లాకెట్లు, కంటి మాస్కులు మొత్తం పది వస్తువులు రేడియోయాక్టివ్ అని తేల్చి వాడొద్దని హెచ్చరించింది. అటక మీద మా మామయ్య గారి కాలం నాటి పెట్రోమాక్స్ లైట్ ఉంటే దాని పాత మాంటిల్ కూడా పెట్టి చూశాం, అదీ చిటపటలాడింది. అప్పట్లో మాంటిల్స్‌లో థోరియం కలిపేవారు, ఆ వెలుగులోనే మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు జరిగాయి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఈ లాకెట్ వల్ల రేపే ఏదో అయిపోతుందని కాదు. ఇలాంటి చిన్న మీటర్లు ఒంట్లోకి ఎక్కువ దూరం పోని బీటా కిరణాలని ఎక్కువ చేసి చూపిస్తాయి కాబట్టి ఆ 1.3ని పట్టుకుని ఊగకండి, తగిలేది కూడా ఎక్కువగా రాయి ఆనే చోట చర్మానికే. కానీ లాభం సున్నా అయినప్పుడు 4,500 ఇచ్చి మెడకి ఆ కాస్తయినా ఎందుకు తగిలించుకోవడం?

ఇక బాంబు సంగతి. ఆ రోజు అంకుల్ రెండు టీలు తాగుతూ చెప్పింది, ఆ తర్వాత నేను వారం రోజులు చదువుకున్నది కలిపి రాస్తున్నా, ఎందుకంటే ఇది తెలిస్తే ఇలాంటి రాయి ఇంకెవరూ కొనరు.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద వేసింది సుమారు 15 కిలోటన్నుల బాంబు, నేలకి దాదాపు 600 మీటర్ల పైన పేలింది. అలాంటి బాంబు శక్తిలో సగం పేలుడు గాలికి, మూడో వంతు పైగా వేడికి పోతుంది, రేడియేషన్ వాటా సుమారు 15 శాతమే. అందులో కూడా మొదటి నిమిషంలో వచ్చే గామా కిరణాలు, న్యూట్రాన్లు వేరు, తర్వాత బూడిదలా రాలే ఫాల్ ఔట్ వేరు. గామా కిరణం బట్టలోంచి, చర్మంలోంచి, ఎముకలోంచి దూసుకుపోతుంది. ఫాల్ ఔట్ గామాని సగానికి తగ్గించాలంటేనే రెండున్నర అంగుళాల కాంక్రీట్ కావాలి. హిరోషిమా రెడ్ క్రాస్ ఆసుపత్రిలో బేస్‌మెంట్‌లో దాచిన ఎక్స్‌రే ప్లేట్లు కూడా వాడకుండానే పాడైపోయి ఉన్నాయి, కిరణాలు అక్కడి దాకా దిగాయి మరి. మన లాకెట్ మందం మూడు మిల్లీమీటర్లు, అదీ ఒక్క గుండెల మీద.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది వేడి లెక్క. ఒంట్లో దిగిన రేడియేషన్ శక్తిని గ్రేలలో కొలుస్తారు, ఒళ్ళంతటికీ ఒకేసారి 4 గ్రే డోసు తగిలితే వైద్యం లేకపోతే సగం మంది బతకరు. ఆ 4 గ్రేలు అంటే శక్తి ఎంతో తెలుసా, ఒక చెంచా వేడి వేడి ఇరానీ చాయ్ తాగితే ఒంట్లోకి వెళ్ళే వేడి అంత కూడా ఉండదు. ఒళ్ళు వేడెక్కేది డిగ్రీలో సుమారు వెయ్యో వంతే. మనిషిని చంపేది ఆ వేడి కాదు, ఆ కాస్త శక్తి పడే చోటు. కిరణం కణంలో నీటి అణువులని చీల్చి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, డీఎన్‌ఏ నిచ్చెన రెండు పక్కలా తెగిపోతుంది, ఒక పక్క తెగితే కణం అతికించుకుంటుంది కానీ రెండూ ఒకే చోట తెగితే తప్పు అతుకు పడుతుంది లేదా కణం చీలబోయి చచ్చిపోతుంది. అందుకే ఎప్పుడూ చీలుతూ ఉండే కణాలకే ముందు దెబ్బ, అంటే ఎముక మజ్జ, పేగు లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు.

హిరోషిమాలో చాలామంది మొదటి రోజు వాంతులు చేసుకున్నారు, తర్వాత తేరుకున్నారు, ఒంటి మీద గాయం కూడా లేదు, బతికిపోయాం అనుకున్నారు. రెండు మూడు వారాలకి దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చేది. చిగుళ్ళ నుంచి రక్తం, చర్మం మీద ఊదా రంగు మచ్చలు, జ్వరం, రక్త విరేచనాలు. మొదట్లో డాక్టర్లు అది అంటు విరేచనాలేమో అనుకున్నారు పాపం, అప్పటిదాకా అలాంటి జబ్బు ఎవరూ చూసి ఉండరు కదా. మధ్యలో ఆ బాగున్నట్టు ఉండే రోజులు ఎందుకంటే, గోడౌన్ తగలబడిపోయినా షాపులో ఉన్న సరుకుతో కొన్నాళ్ళు నడుస్తుంది చూడండి, అలా. మజ్జ చచ్చిపోయినా రక్తంలో అప్పటికే తిరుగుతున్న కణాలతో బండి నడుస్తుంది. తెల్ల కణాలు ముందు అయిపోతాయి, ప్లేట్‌లెట్స్ వారం పది రోజులకి అయిపోతాయి, ఎర్ర కణాలు మాత్రం 120 రోజులు ఉంటాయి కాబట్టి రక్తహీనత మెల్లగా వస్తుంది. ప్లేట్‌లెట్స్ లేక రక్తం ఆగదు, తెల్ల కణాలు లేక చిన్న గాయం కూడా చీము పడుతుంది. ఇంకా ఎక్కువ డోసు అయితే పేగు పొర ఊడిపోయి రెండు వారాల లోపే, మరీ ఎక్కువైతే మెదడు, రక్తనాళాలు దెబ్బతిని రెండు మూడు రోజుల్లోనే పోతారు. 1945 ఆఖరికి హిరోషిమాలో చనిపోయినవాళ్ళు పేలుడు, కాలిన గాయాలు, రేడియేషన్ అన్నీ కలిపి సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 పైనే.

ఇక్కడ అత్తయ్య ఒక మంచి ప్రశ్న వేశారు. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వస్తే రేడియేషన్ ఇచ్చారు కదా, ఆ కాగితం మీద 50 గ్రే అని రాసుంది, 4 గ్రేకే చనిపోతే ఆవిడ 50 తగిలి ఇప్పటికీ ఆవకాయ పడుతున్నారు ఎలా అని. నిజమే కదా అని నేనూ ఆగిపోయా. ఆ కాగితంలోనే జవాబు ఉంది: 50 గ్రే, 25 సిట్టింగులు. రోజుకి 2 గ్రే, ఐదు వారాలు, ఛాతీ మీద మార్కర్‌తో గీతలు గీసి ఆ గళ్ళ లోపలికి మాత్రమే. ఆ గీతలు చెరిగిపోతాయని పెద్దమ్మ నెల రోజులు అక్కడ సబ్బు రాయలేదు. ఈ సిట్టింగుకీ ఆ సిట్టింగుకీ మధ్య మంచి కణాలు బాగు చేసుకుంటాయి, మిగతా ఒళ్ళంతా మజ్జ బాగానే ఉంటుంది. ఆవిడ జుట్టు ఊడింది కూడా కీమో వల్ల, రేడియేషన్ వల్ల కాదు. బాంబుకి గీతలూ ఉండవు, సిట్టింగులూ ఉండవు.

అయోడిన్ సంగతి కూడా చెప్పేస్తా, గ్రూపుల్లో ఇదే ఎక్కువ తిరుగుతోంది. ఫాల్ ఔట్‌లో అయోడిన్ 131 అనే రేడియోయాక్టివ్ అయోడిన్ ఉంటుంది, 8 రోజులకి సగమవుతుంది, పాల ద్వారానో గాలి ద్వారానో ఒంట్లోకి పోయి థైరాయిడ్‌లో కూర్చుంటుంది, పిల్లలకి ఎక్కువ ప్రమాదం. అది రాకముందే మామూలు అయోడిన్‌తో థైరాయిడ్‌ని నింపేస్తే దానికి సీటు దొరకదు, పొటాషియం అయోడైడ్ మాత్ర పని అంతే, పెద్దవాళ్ళకి 130 మిల్లీగ్రాములు (అందులో అయోడిన్ సుమారు 100), అధికారులు చెప్పినప్పుడు మాత్రమే. ఫాల్ ఔట్‌లోనే ఉండే సీజియం, స్ట్రాన్షియం, ఇంకా గామా కిరణాలు, వీటిలో దేన్నీ అది ఆపదు. ఇక ఉప్పు అంటారా, మన అయోడైజ్డ్ ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని రూల్, ఆ లెక్కన ఒక మాత్రకి సరిపడా కావాలంటే ఆరు కిలోల పైన ఉప్పు తినాలి, అది తింటే బాంబు అక్కర్లేదు. టించర్ తాగకండి బాబూ, అది పుండు మీద రాసేది.

నిజంగా పనికొచ్చేవి మూడే అంట, దూరం, అడ్డు, టైమ్. మూడూ ఉచితం కాబట్టి సెల్లార్‌లో ఎవరూ డెమో పెట్టరు. ఫాల్ ఔట్ తీవ్రత మొదటి గంటలో ఉన్నదానికి ఏడు గంటలకి పదో వంతు అవుతుంది, రెండు రోజులకి వందో వంతు, రెండు వారాలకి వెయ్యో వంతు. అందుకే కాంక్రీట్ బిల్డింగ్ మధ్యలో, కిటికీలకి దూరంగా, ఒక రోజైనా కదలకుండా కూర్చోమంటారు. బయట ఉండి వస్తే బట్టలు విప్పేసి తలస్నానం చేస్తే ఒంటి మీద పడ్డ దుమ్ము చాలావరకు పోతుంది. ఆ దుమ్ము సంగతి 1954లో జపాన్ చేపల పడవ ఒకటి చూసింది, మార్చి 1న అమెరికా బికినీ దీవిలో 15 మెగాటన్నుల బాంబు పరీక్షిస్తే ఎంతో దూరంలో ఉన్న ఆ పడవ మీద గంటల తరబడి తెల్ల బూడిద రాలింది, పగడపు దిబ్బ పొడి అది. అందులో 23 మంది. అందరికీ జబ్బు చేసింది, రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబర్‌లో చనిపోయాడు. పేలుడు చప్పుడుకి ఎవరికీ ఏమీ కాలేదు, ఆ పొడి వల్లే ఇదంతా.

హిరోషిమా, నాగసాకిల్లో తర్వాత వచ్చిన జబ్బుల్లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ముందు, రెండు మూడేళ్ళకే మొదలైంది, మిగతా క్యాన్సర్లు పదేళ్ళ తర్వాత. అందరికీ రాలేదు, డోసు పెరిగే కొద్దీ అవకాశం పెరిగింది. రెండు ఊళ్ళలోనూ ఉండి రెండు బాంబులూ చూసిన సుతోము యమాగుచి 93 ఏళ్ళు బతికి 2010లో పోయారు. అక్కడ ప్రాణాలతో మిగిలినవాళ్ళని హిబాకుషా అంటారు. అత్తయ్య ఇది వినగానే "అలాంటి ఊరి పిల్లని ఎవరు చేసుకుంటారే" అన్నారు, సరిగ్గా అదే జరిగింది జపాన్‌లో కూడా, సంబంధాలు రాలేదు, ఊరి పేరు దాచుకున్నారు. తర్వాత వాళ్ళకి పుట్టిన దాదాపు 77,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తే తల్లిదండ్రుల డోసు వల్ల వంశపారంపర్యంగా జబ్బులు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. అయితే పేలినప్పుడు కడుపులో ఉన్న పిల్లల సంగతి వేరు, 8 నుంచి 15 వారాల గర్భంలో ఎక్కువ డోసు తగిలిన వాళ్ళలో చాలామందికి తల చిన్నగా ఉండటం, బుద్ధి ఎదగకపోవడం కనిపించింది.

ఈ మాట దగ్గరే అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టేశారు. అప్పటిదాకా రెండో లాకెట్ ఎక్కడుందో నేను అడగనే లేదు. "కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిదన్నాడు కదే" అన్నారు మెల్లగా. మియాపూర్‌లో ఉన్న మా ఆడపడుచుకి నాలుగో నెల, సీమంతానికి ముందే అని మూడు రోజుల క్రితమే కొరియర్ చేశారంట. అంకుల్ వెంటనే ఆ రాయి లెక్కకీ బాంబు లెక్కకీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉందమ్మా, దానికీ దీనికీ పొంతన లేదు, భయపడకండి అని గట్టిగా చెప్పారు, నేను కూడా ఇక్కడ అదే గట్టిగా రాస్తున్నా. అయినా అత్తయ్య ఆగలేదు, ఎండలో ఆటో పట్టుకుని హబ్సిగూడ వెళ్ళి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఇద్దరం మియాపూర్‌లో దిగేసరికి మూడైంది.

రిటర్న్ పాలసీ: లేదు. ఫోన్ చేస్తే వాడిన వస్తువు తీసుకోం అన్నారు, మీటర్ వీడియో పంపితే అది పాజిటివ్ ఎనర్జీ రీడింగ్ మేడమ్ అని వాయిస్ మెసేజ్ పెట్టి బ్లాక్ చేశారు. వినియోగదారుల కమిషన్‌లో వేద్దామంటే సరైన బిల్లు లేదు, ఆయన ఇచ్చింది చేత్తో రాసిన స్లిప్పు, దాని మీద అడ్రస్ లేదు. చెత్త బండిలో వెయ్యొద్దు, పొడి చెయ్యొద్దు, ఎవరికి అప్పజెప్పాలో కనుక్కుంటా అన్నారు అంకుల్. అప్పటిదాకా బాల్కనీ మూల పాత బట్టర్ బిస్కెట్ డబ్బాలో పెట్టాం.

ఆడపడుచు అయితే అది వేసుకోనే లేదు. రబ్బరు వాసనకి వికారంగా ఉందని పెట్టె కూడా పూర్తిగా తీయకుండా చెప్పుల స్టాండ్ మీద పడేసింది. అత్తయ్య దాన్ని చీర కొంగుతో పట్టుకుని హ్యాండ్‌బ్యాగ్ వద్దని ఒక స్టీల్ టిఫిన్ బాక్స్ అడిగి అందులో పెట్టుకున్నారు. తిరుగు మెట్రోలో ఆ బాక్స్ ఒళ్ళో పెట్టుకోలేదు, నా ఒళ్ళో పెట్టారు.